టీమ్‌ను నడపడమా, టీమ్‌తో కొనిపించడమా? నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో లీడర్ పని

సభ్యులు కంపెనీ సరుకు అమ్ముతూ, కొత్త సభ్యుల్ని చేర్చి, వాళ్ల కొనుగోళ్ల మీద కూడా కమిషన్ పొందే వ్యాపారమే నెట్‌వర్క్ మార్కెటింగ్. ఇందులో లీడర్ అనే మాటకు ఆఫీసు ఉద్యోగంలో ఉండే అర్థం లేదు. కింద ఉన్నవాళ్లకు జీతం ఇచ్చేది అతను కాదు. పని చేయకపోతే తీసేసే అధికారం లేదు. రేపటి నుంచి రానని ఎవరైనా అంటే ఎందుకని నిలదీసే హక్కూ లేదు. అయినా నెల తిరిగేసరికి అతని ఖాతాలో పడే కమిషన్‌లో ఎక్కువ భాగం వాళ్ల కొనుగోళ్ల మీదే లెక్కగడతారు. అధికారం సున్నా, ఆదాయం మాత్రం వాళ్లమీదే. ఈ రంగంలో టీమ్ సపోర్ట్ పేరుతో జరిగే మంచీ చెడూ రెండూ ఈ ఇరకాటంలోంచే పుడతాయి.

సపోర్ట్ అనే ఒక్క పేరు కింద నిజానికి రెండు వేర్వేరు పనులు నడుస్తుంటాయి. కొత్తగా చేరిన మనిషి, టీమ్‌తో సంబంధం లేని బయటి కస్టమర్‌కు సరుకు అమ్ముకోగలిగేలా తయారుచేయడం ఒకటి. ఆ మనిషి ఉత్సాహం చల్లారకుండా చూస్తూ, నెలనెలా కొనిపిస్తూ, మరో ఇద్దరిని చేర్పించడం రెండోది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ ఫోన్లుంటాయి, మీటింగులుంటాయి, భుజం తట్టడాలుంటాయి. డబ్బు ఎటునుంచి ఎటు పోతోందో చూస్తేనే తేడా తెలుస్తుంది. మొదటి పనిలో డబ్బు బయటినుంచి టీమ్‌లోకి వస్తుంది. రెండో పనిలో కింద చేరినవాళ్ల జేబుల్లోంచి పైకి పోతుంది.

ఎంత మంచి లీడరైనా తప్పించుకోలేని లెక్క ఒకటుంది. బోర్డు మీద గీసి చూపించే ప్లాన్‌లో ఒక్కొక్కరు ఆరుగురిని చేరుస్తారు అనుకుందాం. పదో మెట్టు నిండేసరికి మొత్తం 7 కోట్ల 25 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం పసిపిల్లలతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. పదకొండో మెట్టుకు ఒక్కదానికే 36 కోట్ల మంది కొత్తవాళ్లు కావాలి. ఈ లెక్క చాలామంది వినే ఉంటారు, విని నవ్వేసి ఊరుకుంటారు కూడా. టీమ్‌ను నడిపేవారికి పనికొచ్చే సంగతి ఇందులోనే ఇంకోటి ఉంది. ఇలా పెరిగే చెట్టును ఏ రోజు ఆపి చూసినా, అందులో ఆరింట అయిదు వంతుల మంది అడుగు వరుసలోనే ఉంటారు. వాళ్లకింద ఎవరూ ఉండరు. ఇద్దరిద్దరు చొప్పున పెరిగే బైనరీ ప్లాన్‌లో అయినా సగం మంది పరిస్థితి ఇదే. అంటే టీమ్‌లో ఎక్కువమందికి ఈ నెల కిందివాళ్ల మీద వచ్చే కమిషన్ అనేది రాదు. వాళ్ల కష్టం సరిపోక రాకపోవడం కాదు, చెట్టు ఆకారమే అలాంటిది. ఆ అడుగు వరుస మనిషికి చేతిలో మిగిలే దారి అమ్మకం మీద వచ్చే లాభం ఒక్కటే. లీడర్ ఇచ్చే శిక్షణంతా మనుషుల్ని చేర్పించడం గురించే అయితే, తన టీమ్‌లో ఎక్కువమందికి పనికిరాని విద్య నేర్పుతున్నట్టే.

అమెరికాలో ఈ విషయం దాదాపు యాభై ఏళ్ల నాడే చర్చకు వచ్చింది. అక్కడ వ్యాపార మోసాల మీద నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979లో ఆమ్వే అనే నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ కేసు తేలుస్తూ, అది పిరమిడ్ (సరుకు అమ్మకం కాక, కొత్తగా చేరేవాళ్ల డబ్బు మీదే నడిచే పథకం) కాదని చెప్పడానికి ఆ కంపెనీలో ఉన్న మూడు నియమాలను చూపింది. కొన్న సరుకులో నెలకు కనీసం 70 శాతం అమ్మాలి. నెలకు కనీసం పదిమంది రిటైల్ కస్టమర్లకు అమ్మినట్టు చూపాలి. తాను చేర్చిన మనిషి వెళ్లిపోతానంటే, అమ్ముడుపోని సరుకును స్పాన్సరే వెనక్కి కొనాలి. ఈ మూడూ కంపెనీ నియమాలే అయినా, చదివితే లీడర్ ఉద్యోగ వివరణలా ఉంటాయి. నీ కిందివాళ్ల దగ్గర సరుకు పేరుకుపోకుండా చూడు, వాళ్లకు బయట కస్టమర్లు ఉన్నారో లేదో చూడు, వాళ్లు దిగిపోతే నష్టంలో నువ్వు కూడా భుజం పెట్టు అన్నట్టు. అదే కేసులో ఆదాయం గురించి గొప్పలు చెప్పినందుకు, రిటైల్ ధరలను కట్టడి చేసినందుకు ఆమ్వేను కమిషన్ తప్పుపట్టింది. సెమినార్లలో ఈ సగం వినపడదు.

2016లో హెర్బలైఫ్ అనే మరో నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీతో జరిగిన ఒప్పందంలో కమిషన్ మరో అడుగు వేసింది. కంపెనీ 20 కోట్ల డాలర్లు కట్టింది. దాంతోపాటు, చెల్లించే ప్రతిఫలంలో కనీసం మూడింట రెండు వంతులు రుజువున్న రిటైల్ అమ్మకాల మీదే ఉండాలని షరతు పెట్టారు. బయట కస్టమర్ ఉన్నాడన్న మాట చాలదు, రసీదు కావాలన్నమాట.

మన దగ్గర 2021 డిసెంబరు చివర్లో వినియోగదారుల రక్షణ చట్టం కింద, ఈ వ్యాపారానికి కూడా వర్తించే డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు వచ్చాయి. పిరమిడ్ పథకాలను, చేరినవాళ్ల డబ్బునే తిప్పి పంచే మనీ సర్క్యులేషన్‌ను నిషేధించాయి. వీటిలో కంపెనీలకు సంబంధించినవి కాక, వీధిలో తిరిగే సెల్లర్‌కు వర్తించేవి కొన్ని ఉన్నాయి. వీటిని టీమ్‌కు చెప్పాల్సింది లీడరే. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా ఎవరింటికీ వెళ్లకూడదు. కంపెనీ ఒప్పుకోని కరపత్రాలు, పుస్తకాలు చేరబోయే వ్యక్తికి ఇవ్వకూడదు. పుస్తకాలు, డెమో సామాన్లు కొని తీరాలని పట్టుబట్టకూడదు. కంపెనీ చెప్పని గొప్పలు సరుకు గురించి చెప్పకూడదు. ఇక ఊళ్లలో జరిగే హోమ్ మీటింగులను ఒకసారి తలచుకుంటే, వీటిలో ఎన్ని నిలబడతాయో చెప్పనక్కర్లేదు.

కొత్త మనిషికి మొదటి రెండు మూడు నెలలు ఎలా గడుస్తాయో చూస్తే, సపోర్ట్ ఎక్కడ అవసరమో తెలుస్తుంది. చేరిన రోజే ఒక లిస్ట్ రాయమంటారు. తెలిసినవాళ్ల పేర్లు వంద. అందులో అన్న, వదిన, మేనమామ, పాత క్లాస్‌మేట్లు, పక్క పోర్షన్‌వాళ్లు, ఆఫీసులో టీ తాగే బ్యాచ్ ఉంటారు. మొదటి వారాల్లో అమ్మకాలు బాగానే జరుగుతాయి. మొహమాటం కొద్దీ పెద్దమ్మ ఒక టూత్‌పేస్ట్ కొంటుంది, తోడల్లుడు ఒక ప్రొటీన్ డబ్బా తీసుకుంటాడు. ఇది మార్కెట్ కాదు, చుట్టరికం. రెండోసారి అడిగినప్పుడు ఫోన్ ఎత్తరు. కొత్త మనిషి తన చేతకానితనం వల్లే ఇలా అయిందనుకుంటాడు. మీటింగులో కూడా అతనికి అదే చెబుతారు: మైండ్‌సెట్ మార్చుకో, నెగెటివ్ మనుషులకు దూరంగా ఉండు. నెగెటివ్ అనే ముద్ర పడేది ఎక్కువగా ఇంట్లోవాళ్ల మీద. ఖర్చులు కనపడేది వాళ్లకే కాబట్టి ప్రశ్నలు అడిగేదీ వాళ్లే.

ఈ దశలో నిజంగా పనికొచ్చే సాయం చాలా సాదాగా ఉంటుంది. లిస్ట్‌లో ఉన్నవాళ్లలో ఈ సరుకు మామూలుగానే వాడేవాళ్లెవరో విడదీయడం. మొదటి నాలుగైదు అమ్మకాలకు పక్కన వెళ్లి, తాను మాట్లాడకుండా కూర్చోవడం. బయటికొచ్చాక ఏ మాట దగ్గర అవతలి మనిషి ముఖం మారిందో చెప్పడం. అదే రకం సరుకు కిరాణా కొట్లో ఎంతకు దొరుకుతుందో ముందే తెలుసుకుని, తేడా ఎందుకో చెప్పగలగడం. చెప్పలేకపోతే ఆ ఐటమ్ అమ్మొద్దనడం. కొన్న మనిషికి పదిహేను రోజుల తర్వాత ఫోన్ చేసి బాగుందా అని అడిగి, బాగోలేదంటే వాపసు తీసుకోవడం. ఇందులో స్టేజీ, మ్యూజిక్, చప్పట్లు ఏవీ లేవు. అందుకే కాబోలు చాలా టీమ్‌లలో ఇది జరగదు. ఒక లీడర్ ఇలా ఒకేసారి పదిమందికి మించి చేయలేడు కూడా. తన కింద వెయ్యిమంది (డౌన్‌లైన్) ఉన్నారని చెప్పుకునే లీడర్ వాళ్లందరికీ అండగా ఉంటున్నాడంటే, ఆ అండ వాట్సాప్ గ్రూప్‌లో పొద్దున్నే పెట్టే కొటేషన్ అయి ఉండాలి.

ఎవరూ నేర్పని విద్య ఇంకోటి ఉంది. అది చిట్టా రాయడం. ఊహించిన ఉదాహరణే అయినా ఒక లెక్క చూద్దాం. ఒక సభ్యుడు ర్యాంక్ నిలబెట్టుకోవడానికి నెలకు 3,000 రూపాయల సరుకు కొంటున్నాడు. పెట్రోలు, ఫోను కలిపి 1,200. జిల్లా కేంద్రంలో సెమినార్‌కు టికెట్, బస్ ఛార్జీ, భోజనం 800. మొత్తం 5,000. అమ్మకాల మీద 600, కమిషన్ 900 చేతికొచ్చాయి. కమిషన్ పడిన స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో పెడితే అభినందనలు వెల్లువెత్తుతాయి. కొన్న సరుకులో ఇంట్లో ఎలాగూ వాడే సబ్బులు, పేస్టుల విలువ 1,000 తీసేసినా, ఆ నెల అతనికి 2,500 నష్టం. ఈ నష్టం ఎక్కడా కనపడదు, ఎందుకంటే కంపెనీ స్టేట్‌మెంట్‌లో వచ్చింది మాత్రమే ఉంటుంది, పోయింది ఉండదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024లో 70 కంపెనీలు ప్రకటించిన ఆదాయ వివరాలను పరిశీలించినప్పుడు కూడా ఇదే లోపం బయటపడింది. చేరినవాళ్లలో అత్యధికులకు ఏడాదికి వచ్చింది 1,000 డాలర్లు లేదా అంతకంటే తక్కువ. చాలా కంపెనీలు తమ పట్టికల్లో ఖర్చుల్ని లెక్కలోకి తీసుకోలేదు. ఒక లీడర్ తన టీమ్‌లో ప్రతి ఒక్కరి చేత రాబడి, ఖర్చు అని రెండు కాలమ్‌లు రాయించి నెలనెలా చూస్తే, మూడు నెలల్లో ఎవరు కొనసాగాలో, ఎవరు ఆపాలో తెలిసిపోతుంది. చాలామంది అందుకే రాయించరు.

క్లోజింగ్ రోజులు వచ్చేసరికి అసలు పరీక్ష మొదలవుతుంది. నెలాఖరులో టీమ్ కొనుగోళ్ల మీద లెక్కగట్టే పాయింట్లు ఇంకొన్ని వస్తే లీడర్ ఎక్కువ కమిషన్ ఇచ్చే పై స్లాబ్‌కు పోతాడు. అప్పుడు కిందికి ఫోన్లు వెళ్తాయి. ఇంకో 5,000 బిల్లు వేయించు, ఈ నెల దాటితే ఛాన్స్ పోతుంది, ఇంట్లోవాళ్ల పేరు మీద ఒక ఐడీ (సభ్యత్వం) వేయించు. కొన్న సరుకు బీరువా పైన చేరుతుంది. నెలలో సహేతుకంగా అమ్ముకోగలిగిన దానికంటే ఎక్కువ కొనిపించడమే పిరమిడ్‌కు, వ్యాపారానికి మధ్య గీత చెరిపేసే పని. డ్వాక్రా అప్పు తెచ్చి స్టాక్ ఎత్తుతానని ఒక మహిళ అంటే వద్దని చెప్పాల్సింది మొదట ఆమె అప్‌లైనే, అంటే ఆమెకు పైనున్న లీడరే. కానీ ఆ వద్దు అనే మాటకు అతని సొంత జేబులోంచి ధర కట్టాల్సి ఉంటుంది. ఈ రంగంలో మంచితనం మీద ఆధారపడే పనులు తరచూ ఎందుకు జరగవో ఇక్కడ తెలుస్తుంది. ప్లాన్ రాసినవాడు బహుమతిని కొనుగోలుకు కట్టాడు, సలహాకు కట్టలేదు.

బైనరీ ప్లాన్‌లో ఇది ఇంకా వంకర తిరుగుతుంది. కమిషన్ ఎడమ, కుడి లెగ్‌ల (తన కింద చేరినవాళ్ల రెండు కొమ్మల) మధ్య జత కుదిరిన మేరకే వస్తుంది. ఒకవైపు బాగా పెరిగితే దాన్ని పవర్ లెగ్ అంటారు. లీడర్‌కు అటువైపు ఇంక పాయింట్లు అక్కర్లేదు. అతని టైమ్, కార్లో తిరుగుడు, జూమ్ కాల్స్ అన్నీ రెండో లెగ్ వైపు మళ్లుతాయి. పవర్ లెగ్‌లో చేరిన మనిషికి మాత్రం పైన ఇంతమంది ఉన్నారు, స్పిల్ వస్తుంది (పైవాళ్లు చేర్చినవాళ్లు నీ కిందికి వస్తారు), కూర్చున్నా పెరుగుతావు అని చెప్పి ఉంటారు. స్పిల్ వస్తుంది, కానీ అతనికి ఒకవైపే వస్తుంది. రెండోవైపు అతనే నింపుకోవాలి. అక్కడ తోడొచ్చేవాడు ఉండడు. లీడర్ తన మనుషుల్లో ఎవరికి ఫోన్ చేస్తున్నాడో చూస్తే, ప్లాన్ కాగితం చదవక్కర్లేకుండానే అది ఏ రకం ప్లానో చెప్పవచ్చు.

ఆరోగ్య ఉత్పత్తులు అమ్మే టీమ్‌లలో లీడర్ మాటకు ఇంకో బరువుంది. ఫుడ్ సప్లిమెంట్ల డబ్బా మీద ఇది మందుగా వాడటానికి కాదని రాసి ఉండాలని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతాయి. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అయినా మీటింగుల్లో పండే మాటలన్నీ ఇవే: ఈ పొడి తాగితే మోకాళ్ల నొప్పులు పోయాయి, అది వాడాక ఇన్సులిన్ మానేశారు. చెప్పేవాళ్లు డాక్టర్లు కాదు, చాలాసార్లు మంచి ఉద్దేశంతోనే చెబుతారు. వినేవాళ్లలో ఎవరో ఒకరు నిజంగానే ఇన్సులిన్ మానేస్తారు. టీమ్ మీటింగులో మైకు ఎవరి చేతికి ఇవ్వాలి, ఏ మాట దగ్గర ఆపాలి అన్నది లీడర్ చేయగలిగిన పనుల్లో బహుశా అన్నిటికంటే అవసరమైనది. అనుభవాల సెషన్ పెట్టడం మానేస్తే అమ్మకాలు తగ్గుతాయి. తగ్గనివ్వాలి.

ఇక చట్టం. తెలుగు నేలమీద ఈ వ్యాపారం పోలీసు స్టేషన్ గడప తొక్కినన్ని సార్లు మరెక్కడా తొక్కలేదేమో అనిపిస్తుంది. ఆమ్వే పథకం ప్రాథమికంగా చూస్తే 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో అభిప్రాయపడింది. 2014లో ఆ కంపెనీ భారత విభాగం అధిపతిని కర్నూలు పోలీసులు అరెస్ట్ చేశారు. 2019లో సైబరాబాద్ పోలీసులు ఇలాంటిదే అయిన ఈబిజ్ కంపెనీ నిర్వాహకులను అరెస్ట్ చేశారు, క్యూనెట్ అనే మరో కంపెనీ మీద వరుసగా కేసులు పెట్టారు. 2022లో ఆమ్వేకు చెందిన 757 కోట్ల రూపాయలకు పైగా ఆస్తులను ఈడీ తాత్కాలికంగా జప్తు చేసింది. ఇవన్నీ పెద్ద తలకాయల కథలని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 1978 చట్టం అలాంటి పథకం నడిపినవాళ్లనే కాక, అందులో సభ్యుల్ని చేర్చినవాళ్లను, పాల్గొన్నవాళ్లను కూడా పరిధిలోకి తెచ్చుకుంటుంది. శిక్ష మూడేళ్ల దాకా ఉంది. టీమ్‌ను చేర్చే ముందు కంపెనీ నిజంగా సరుకు మీద బతుకుతోందా, జాయినింగుల మీద బతుకుతోందా అని తేల్చుకోవడం లీడర్ తన కోసం కూడా చేసుకోవాల్సిన పని.

కోర్టు సంగతి అలా ఉంచితే, ఊళ్లో జరిగే విచారణ వేరే. అగ్రిగోల్డ్ నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ కాదు, డిపాజిట్లు సేకరించిన సంస్థ. కానీ అది మునిగినప్పుడు జనంలో చాలామంది వెళ్లింది తమ దగ్గర డబ్బు తీసుకున్న ఏజెంటు ఇంటికే. వాళ్లకు తెలిసిన ముఖం అతనిదే. చేర్పించిన మనిషి చేతిలో తప్పు లేకపోయినా, పేరు అతనిదే పోతుంది.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు ఈ వ్యాపారం మరో రూపంలో ఎదురవుతుంది. షాపింగ్ మాల్‌లోనో, ఇండియన్ స్టోర్‌లోనో ‘మీరు తెలుగువాళ్లా’ అని పలకరించి, పిల్లల గురించి, ఊరి గురించి మాట్లాడి, నంబర్ తీసుకుని, తర్వాత ఒక ‘ఈ-కామర్స్ ప్రాజెక్ట్’ గురించి కాఫీకి పిలుస్తారు. కంపెనీ పేరు మూడో సమావేశం దాకా బయటికి రాదు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన యజమాని దగ్గర తప్ప వేరే పని చేసి సంపాదించడం వీసా షరతులకు ఎదురెళ్లడమే. కాఫీకి పిలిచిన మనిషి వీసా ప్రస్తావన తేకుండానే ఫారం నింపిస్తే, అతను తర్వాత చేసే ఏ సపోర్ట్‌కూ అర్థం లేదు.

చేరేటప్పుడు లీడర్ ఎలా ఉంటాడో అందరికీ తెలుసు. మానేస్తానన్నప్పుడు ఎలా ఉంటాడన్నదే తెలియదు. మన దేశపు 2021 నియమాల ప్రకారం ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలి. ఆ లోపల జరిమానా లేకుండా బయటికి రావచ్చు. పేరున్న కంపెనీల్లో విప్పని సరుకు వాపసు తీసుకునే విధానం కూడా ఉంటుంది. కానీ కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమందికి ఆ గడువు ఎన్ని రోజులో, వాపసు ఫారం వెబ్‌సైట్‌లో ఎక్కడుందో, బిల్లు దాచుకోవాలన్న సంగతి కూడా తెలియదు. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడానికి కారణం మరీ రహస్యమేం కాదు. చాలా ప్లాన్లలో సరుకు వాపసు వస్తే, దాని మీద పైవాళ్లకు ముందే ఇచ్చిన కమిషన్‌ను తర్వాతి నెల చెల్లింపులోంచి కోసేస్తారు. వాపసు ఫారం నింపడంలో సాయం చేసే లీడర్ తన డబ్బు తనే తగ్గించుకుంటున్నాడు. అలాంటివాళ్లు లేకపోలేదు. చేరబోయేవాళ్లు ఆ లీడర్ ఆదాయం గురించి కాకుండా, గత ఏడాది అతని టీమ్‌లోంచి వెళ్లిపోయిన ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు ఇమ్మని అడిగితే, ఎలాంటివాడో పది నిమిషాల్లో తేలుతుంది.